ఏ సుబ్బారావండీ? పత్రికల, చానెళ్ళ డెస్కులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల్లో, టీవీ చానెళ్ళలో, వార్తా వెబ్‌సైట్లలో డెస్కు పని చేసే సబ్ ఎడిటర్లందరికీ,

నమస్కారం.

నా పేరు సుబ్బారావు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఏ సుబ్బారావండీ?" మా వీధికొచ్చే పోస్ట్‌మాన్ అడుగుతాడు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి అడుగుతాడు. శుభలేఖ ఇవ్వడానికొచ్చిన దూరపు చుట్టం కూడా గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోవడానికి అదే అడుగుతాడు. అడగడం మానేసింది మీరే. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి. ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే మూడు పేపర్లు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదవడం నా డ్యూటీ. జీతం లేని ప్రూఫ్‌రీడర్ అని మా ఆవిడ పేరు పెట్టింది. అలా చదువుతుండగా ఈమధ్య ఒక పత్రికలో (పేరు చెప్పను, ఈ తప్పు అందరూ చేసేదే) తరిమెల నాగిరెడ్డి గారి మీద చిన్న వ్యాసం కనిపించింది. హెడ్డింగులో "టి. నాగిరెడ్డి" అని ఉంది. పక్కన ఫోటోలో మాత్రం విజయా సినిమా సంస్థ బి. నాగిరెడ్డి గారు నవ్వుతూ ఉన్నారు. కింద క్యాప్షన్‌లో "విప్లవ యోధుడు" అని వేశారు.

నేను ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఫోటోల ఫోల్డర్లో నాగిరెడ్డి అని కొడితే అదే వచ్చింది సార్. రేపు సవరణ వేస్తాం" అన్నాడు. మాట తప్పలేదు. మర్నాడు లోపలి పేజీలో ఓ మూల వేశారు: "నిన్నటి సంచికలో నాగిరెడ్డి ఫోటోకు బదులు పొరపాటున నాగిరెడ్డి ఫోటో ప్రచురితమైంది. చింతిస్తున్నాం."

ఆ వాక్యం చదివి నేను పది నిమిషాలు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఇద్దరిలో ఎవరి గురించీ తెలియని పాఠకుడికి, ఆ సవరణ చదివాక కూడా అసలు ఇద్దరున్నారన్న సంగతి తెలియదు.

తరిమెల నాగిరెడ్డి 1917లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. ఆయన ఇంటిపేరే ఆయన ఊరు. కమ్యూనిస్టు నాయకుడు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆ సంజీవరెడ్డి ఆయనకు స్వయానా బావ, తోబుట్టువు భర్త. 1969లో శాసనసభ్యత్వం వదిలేసి బయటికొచ్చారు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, అజ్ఞాతంలో ఉండగానే కన్నుమూశారు. బొమ్మిరెడ్డి నాగిరెడ్డి 1912లో కడప జిల్లాలో పుట్టారు. 1947లో చక్రపాణితో కలిసి చందమామ మొదలుపెట్టారు. ఆ ఇద్దరి విజయా బ్యానర్ మీదే పాతాళభైరవి, మాయాబజార్ వచ్చాయి. 1986కు గాను ఫాల్కే అవార్డు అందుకుని, 2004 దాకా జీవించారు. ఇద్దరూ రాయలసీమ వాళ్ళే. ఇద్దరి ఇంటా పొలాలున్నాయి. అక్కడితో పోలిక సరి. ఒకాయన పుస్తకం రాస్తే దాని పేరు తాకట్టులో భారతదేశం. ఇంకొకాయన పత్రిక వేస్తే దాని నిండా రాజకుమారులు, భేతాళుడు.

నేనేదో తప్పులు చేయనివాణ్ణని ఇది చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిగ్రీ కుర్రాడు వచ్చి "నాగిరెడ్డి గారి పుస్తకం ఉందాండీ" అని అడిగాడు. నేను ఉత్సాహంగా బీరువా తీసి, చందమామ బౌండు వాల్యూములు రెండు చేతిలో పెట్టాను. పాపం ఆ అబ్బాయి పావుగంట వాటిని తిరగేసి, మెల్లిగా నా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, ఇందులో విదేశీ అప్పుల గురించి ఏమీ లేదండీ" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా నా నోటి వెంట ముందు వచ్చే మాట "ఇంటిపేరు?"

ఇక మా సుబ్బారావుల సంగతికొస్తాను. కార్టూన్లలో, జోకుల్లో గుమస్తాకో, భార్యకు భయపడే మొగుడికో పేరు కావాల్సొస్తే సుబ్బారావు అని పెట్టేస్తారు. ఎల్లయ్య, పుల్లయ్య లాగా మాదీ ఎవరైనా వాడుకోదగ్గ పేరై కూర్చుంది. దానివల్ల ఏమైందంటే, పేరు వినగానే ఒక మనిషి కాకుండా ఒక గుంపు కనిపిస్తుంది. ఆ గుంపులో ఎవరున్నారో చూడండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపాడు. ఫోలిక్ ఆమ్లం, కీమోథెరపీకి దారి వేసిన మందులు, బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర ఆయన చేతుల మీదుగా వచ్చినవే. దోమలతో, బోదకాలుతో తరతరాలు బాధపడ్డ గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి ఆ మాత్ర మింగించారు. దాన్ని కనిపెట్టించిన మనిషి భీమవరం వాడే అని మింగినవాళ్ళలో ఎందరికి తెలుసు? 1948లో న్యూయార్క్‌లో చనిపోయాడు.

అదే 1895లో, అదే చుట్టుపక్కల, ఏలూరు వైపున ఇంకో సుబ్బారావు పుట్టాడు. నండూరి సుబ్బారావు. వృత్తి వకాలతు. రాసింది ఎంకి పాటలు. అంటే మొదటి సుబ్బారావు అమెరికాలో రక్త పరీక్షలతో కుస్తీ పడుతున్న 1920ల్లోనే రెండో సుబ్బారావు ఎంకిని, నాయుడు బావను తెలుగు వాళ్ళ ఇళ్ళకు తెచ్చాడు. పదేళ్ళ కిందట మా పక్క ఊరి బడిలో ప్రముఖుల ఫోటోలు గోడ మీద అంటించారు. ప్రయోగశాలలో టెస్ట్ ట్యూబ్ పట్టుకున్నాయన కింద "ఎంకి పాటల రచయిత" అని ఉంది. "సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చింది" అనే సామెత ఇంత అక్షరాలా నిజమవడం నేనెప్పుడూ చూడలేదు. హెడ్మాస్టారికి చెబితే ఆయన చూసి, "పోనీలెండి, సుబ్బారావే కదా" అన్నారు. ఆ "కదా" దగ్గరే నా గొడవంతా.

అక్కడితో ఆగలేదు మా వాళ్ళు. రాయప్రోలు సుబ్బారావు 1912లోనే తృణకంకణం రాసి భావకవిత్వానికి బాట వేశారు. హైదరాబాద్ ఉస్మానియాలో తెలుగు చెప్పారు. కోకా సుబ్బారావు రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా కత్తిరించడానికి వీల్లేదన్న గోలక్‌నాథ్ తీర్పు 1967లో ఇచ్చింది ఆయన బెంచే. ఆ వెంటనే పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీ చేసి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. అదే రాజమండ్రిలో 1912లో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు మూగమనసులు తీశారు. తేనె మనసులుతో కృష్ణను హీరోను చేశారు. అంతకు ముందు తరంలో ఆ ఊళ్ళోనే వకీలుగా పేరు తెచ్చుకున్న న్యాపతి సుబ్బారావు 1878లో హిందూ పత్రిక పెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరు. మీ వృత్తికి పెద్దాయన అన్నమాట.

మన కాలానికొస్తే ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. 2008 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేరిన పదిరోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. 2013 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఆ రోజుల్లో కొత్త నోటు చేతికొస్తే మా ఆవిడ సంతకం చూసి, "ఇంత సంపాదన పెట్టుకుని నాకు చెప్పలేదేంటండీ" అనేది.

ఒక్క రాజమండ్రి పేరు చెబితేనే ముగ్గురు. గోదావరి నీళ్ళలో ఏదో ఉందనుకోవచ్చు గానీ, అసలు కారణం పుట్టలో ఉంది. పిల్లలు లేనివాళ్ళు, పుట్టి పోయినవాళ్ళు సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుని, నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, కలిగిన బిడ్డకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. సుబ్బారావు, సుబ్బమ్మ, సుబ్బయ్య, సుబ్బలక్ష్మి. నాగేశ్వరరావు, నాగమణి, నాగిరెడ్డి కూడా ఆ పుట్టలోంచి వచ్చిన పేర్లే. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఒకటి. కాబట్టి మన దగ్గర పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇది మన పెద్దవాళ్ళకు తెలియక కాదు. తెలుసు కాబట్టే పేరుకు ముందు ఇంటిపేరు తగిలించి పిలిచారు. ఊరివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు వినండి: నండూరి వారు, కోకా వారు, యల్లాప్రగడ వారబ్బాయి. అసలు పేరు రెండో మాట. మొదటి మాట ఏ ఇల్లు, ఏ ఊరు అన్నది.

ఆ మొదటి మాటను ఇంగ్లీషు అక్షరంగా కుదించి పక్కన ఒక చుక్క పెట్టడం మనకు సర్కారు కచేరీలు, బడి రిజిస్టర్లు నేర్పిన అలవాటు. రిజిస్టరులో చోటు కలిసొచ్చింది. మనిషి మాయమైపోయాడు.

యల్లాప్రగడ వారి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన ఇంగ్లీషులో పేరు చివర డబ్ల్యూ పెట్టి రాసుకున్నాడు. మా అన్నయ్య మనవరాలు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ఒకరోజు రికార్డు రాస్తూ, "చిన్నతాతయ్యా, ఈ ఫిస్కే-సుబ్బారో పద్ధతిలో సుబ్బారో ఏ దేశమాయన? జపానా?" అంది. "భీమవరం" అన్నాను. నమ్మలేదు. తెలుగు పుస్తకాల్లో ఆయన సుబ్బారావు, ఇంగ్లీషు పుస్తకాల్లో సుబ్బారో. ఇద్దరూ ఒకటేనని కలిపేవాళ్ళు లేకపోతే, ఒకే పేరుతో ఇద్దరుండటం ఎలాగూ ఉంది, ఒకే మనిషి ఇద్దరై పోవడం కూడా జరుగుతుంది.

"ఇనిషియల్ వేస్తున్నాం కదా, తేడా తెలుస్తుంది కదా" అని మీలో కొందరు అంటారని తెలుసు. అయితే గోపీచంద్‌ల సంగతి చెప్పండి.

త్రిపురనేని గోపీచంద్ 1910లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. అసమర్థుని జీవయాత్ర రాసిన నవలాకారుడు. తొట్టెంపూడి గోపీచంద్ సినిమా హీరో, నేటిభారతం, ప్రతిఘటన తీసిన టి. కృష్ణ గారబ్బాయి. ఇద్దరికీ ఇనిషియల్ "టి." మీ చుక్క ఇక్కడ ఏం పనికొచ్చింది? సరే, "సినిమా గోపీచంద్" అని వేస్తామంటారా? నవలాకారుడైన గోపీచంద్ కూడా సినిమా మనిషే. 1950లో లక్ష్మమ్మకు దర్శకత్వం వహించారు. (ఆ ఏడాదే అదే కథతో శ్రీ లక్ష్మమ్మ కథ అని ఇంకో సినిమా పోటీగా వచ్చింది. పేర్ల గొడవ ఆయన్ను అప్పటి నుంచే వదల్లేదు.) పోనీ "దర్శకుడు గోపీచంద్" అందామా? ఇప్పుడు గోపీచంద్ మలినేని ఉన్నారు, ఆయన ఇంటిపేరు వెనక్కి పంపి రాసుకుంటారు. ఇక పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచారు, ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ తెచ్చిన రెండో భారతీయుడు. ఆ 2001లోనే తొలివలపుతో హీరో గోపీచంద్ తెర మీదికొచ్చారు. ఇద్దరి మూలాలూ ఒకప్పటి ప్రకాశం జిల్లాలోనే. ఆ ఏడాది మా లైబ్రరీలో "గోపీచంద్ గురించి ఏమైనా వచ్చిందా" అని అడిగిన ప్రతివాడినీ నేను ఎదురు ప్రశ్న వేయాల్సొచ్చింది: "రాకెట్టా, సినిమానా, నవలా?" ఎక్కువమంది రాకెట్టే. నవల అన్నది ఒక్కడే ఒక్కడు, వాడు కూడా పరీక్ష కోసం.

త్రిపురనేని వారి కథ అక్కడితో అయిపోలేదు. ఆ గోపీచంద్ గారబ్బాయి సాయిచంద్ నటుడు. 1980లో వచ్చిన మా భూమిలో తెలంగాణ రైతు కుర్రాడిగా వేశారు. చాలా ఏళ్ళ తర్వాత ఫిదాలో కథానాయిక తండ్రిగా కనిపించి ఈ తరానికి దగ్గరయ్యారు. 2023 జూన్ చివర్లో ఒక చానెల్ స్క్రోలింగ్‌లో "సాయిచంద్ హఠాన్మరణం" అని వచ్చింది. ఇంకే మాటా లేదు. గంటలో నాకు నాలుగు ఫోన్లు. "ఫిదాలో నాన్న పోయారటగా!" చనిపోయింది తెలంగాణ ఉద్యమ గాయకుడు సాయిచంద్. అప్పటికి రాష్ట్ర గిడ్డంగుల సంస్థ చైర్మన్‌గా ఉన్నారు, నలభై కూడా నిండలేదు. ఒకరేమో తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన సినిమాలో నటించారు, ఇంకొకరు తెలంగాణ ఉద్యమంలో ఊరూరా పాడారు. కలగలిసిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? స్క్రోలింగ్‌లో "గాయకుడు" అన్న ఒక్క మాట, నాలుగే నాలుగు అక్షరాలు. అది లేనందువల్ల ఒక కుటుంబానికి దక్కాల్సిన సంతాపం సగం దారి తప్పింది, ఇంకో ఇంటికి లేనిపోని టెన్షన్ వెళ్ళింది.

రెండక్షరాల పొట్టి పేర్లతో ఇంకో తంటా. "బి.ఎన్." అంటే మద్రాసు వైపు తిరిగినవాళ్ళకు మల్లీశ్వరి తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, పైన చెప్పిన విజయా నాగిరెడ్డి గారి అన్న. సూర్యాపేట వైపు వెళ్ళి "బి.ఎన్." అనండి. సాయుధ పోరాటంలో దళాలు నడిపి, తర్వాత మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు వెళ్ళిన భీమిరెడ్డి నరసింహారెడ్డి గుర్తొస్తారు, మల్లు స్వరాజ్యం గారి అన్న. ఇద్దరూ బి, ఇద్దరూ ఎన్, ఇద్దరూ రెడ్డి. చుక్కలతో సహా అన్నీ కలిశాయి. ఒకాయన కెమెరా పట్టాడు, ఒకాయన తుపాకి. మీరు ఇంటిపేరు పూర్తిగా రాస్తే తప్ప వాళ్ళను వేరు చేసే అక్షరం ఇంగ్లీషు బడిలో లేదు.

"సి.ఆర్." అంటే ఇంకా కష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి సి.ఆర్. రెడ్డి. కమ్యూనిస్టు పార్టీకి పాతికేళ్ళు ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావు కూడా సి.ఆర్. మద్రాసు వాళ్ళకు రాజాజీ సి.ఆర్. గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా ఎరిగిన, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూసిన కల్యంపూడి రాధాకృష్ణారావు సి.ఆర్. రావు. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు వెళ్ళి ఆటో అతనితో "సి.ఆర్." అని చూడండి, చండ్ర వారి పేరున్న ఫౌండేషన్‌కు తీసుకెళ్తాడో, సెంట్రల్ యూనివర్సిటీలో రావు గారి పేరున్న సంస్థకు తీసుకెళ్తాడో అది మీ అదృష్టం. (చండ్ర వారిని రాజేశ్వరరావు అని మాత్రమే రాసినా ప్రమాదమే. పాట తెలిసినవాళ్ళకు రాజేశ్వరరావు అంటే సాలూరి.)

విచిత్రమేంటంటే, చదువుకున్న మనం చేయలేని పని సినిమా జనం ఎప్పుడో సునాయాసంగా చేసేశారు. జానకి అనే పేరుతో ఇద్దరు వచ్చారు. గాయని శిష్ట్లా జానకి, నటి శంకరమంచి జానకి. ఇద్దరూ ఎస్. జానకే. ఏం చేశారు? నటికి 1950లో హీరోయిన్‌గా వచ్చిన మొదటి సినిమా పేరే ఇంటిపేరు చేశారు, షావుకారు జానకి. తర్వాత ఇంకో నటి వస్తే ఆమె చేసే పనినే ముందు పెట్టి డబ్బింగ్ జానకి అన్నారు. ముగ్గురు జానకులు, ఎక్కడా తికమక లేదు. రంగారావు అంటే ఎస్వీ రంగారావు ఉన్నారు కాబట్టి ఇంకొకరు సాక్షి రంగారావు అయ్యారు. ఒక సుధాకర్ ఉన్నారు కాబట్టి ఇంకొకరు శుభలేఖ సుధాకర్. ఇంటిపేరు పోయిన చోట ఒక కొత్త ఇంటిపేరు మొలిచింది. సినిమా మనకు ఇల్లు కూడా ఇచ్చింది అనుకుంటుంటాను నేను. ఇది ఏ కమిటీ వేసి తేల్చింది కాదు. పోస్టరు రాసే పెయింటరుకూ, టికెట్లు చింపే కుర్రాడికీ తేడా తెలియాల్సిన అవసరం పడింది, తెలిసేలా చేసుకున్నారు.

ఇంటిపేరు ఒక్కటే రాసి ఊరుకున్నా కుదరదని నాకు తెలుసు. "పింగళి" అని హెడ్డింగు పెడితే జెండా పింగళి వెంకయ్యా, మాయాబజార్ మాటల పింగళి నాగేంద్రరావా, కవి పింగళి లక్ష్మీకాంతమా? ఇంటిపేరూ పేరూ రెండూ కలిసిపోయే కేసులూ ఉన్నాయి. నందమూరి తారకరామారావు అంటే తాత, మనవడు ఇద్దరూ. ఆ ఒక్క చోట జనం "జూనియర్" అన్న ఇంగ్లీషు మాట తెచ్చుకుని వాడారు, తప్పులేదు. మధ్యలో కల్వకుంట్ల తారకరామారావు కూడా ఉన్నారు గానీ ఆయన్ను మూడు ఇంగ్లీషు అక్షరాలతో అందరూ గుర్తుపడతారు కాబట్టి గొడవ లేదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. నా పాత సహోద్యోగి ఒకాయన అన్నాడు: "ఇంటిపేరు వేయగానే కులం లెక్కేస్తారు బావా. అందుకే చాలామంది దాచుకుంటారు." నిజమే. ఇంటిపేరు వినగానే "మనవాళ్ళేనా" అని మొహం వెలిగేవాళ్ళను నేను కౌంటర్ దగ్గర రోజూ చూశాను. తన పేరు ఎలా రాయాలో ఆ మనిషి నిర్ణయించుకుంటే దాన్ని మార్చే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు అని హెడ్డింగు పెట్టమని నేను అడగను. పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టినప్పుడు సుందరరామిరెడ్డి. ఆయన వెనకున్న రెడ్డిని తీసేశారు, ముందున్న పుచ్చలపల్లిని ఉంచుకున్నారు. కులాన్ని వదిలేశారు గానీ ఎవరన్నది మాత్రం వదల్లేదు. మీరు చేసేది సరిగ్గా దానికి తలకిందులు. "టి. నాగిరెడ్డి" అన్నప్పుడు కులం తోక భద్రంగా ఉంది, పోయింది తరిమెల.

ఆడవాళ్ళ విషయం నేను ఎక్కువ మాట్లాడను, ఎందుకంటే అది ఇంకో ఉత్తరం అవుతుంది. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది. పుట్టింటి పేరుతో మొదటి పుస్తకం, అత్తింటి పేరుతో రెండో పుస్తకం వేసిన రచయిత్రుల కార్డులు మా కేటలాగ్ డ్రాయర్లో రెండు వేరువేరు చోట్ల ఉండేవి. ఒకే మనిషని తెలిసిన రోజు రెండు కార్డులకూ దారం కట్టేవాణ్ణి. ఆ దారాలు ఇప్పటికీ ఉన్నాయో, కంప్యూటర్ ఎక్కించినప్పుడు తెంపేశారో.

చోటు చాలదని మీరు అంటారని కూడా తెలుసు. హెడ్డింగులో చోటు కరువే. కానీ "టి." తీసి "తరిమెల" పెడితే అదనంగా పడేది మూడక్షరాలు. హెడ్డింగులో కుదరకపోతే మొదటి వాక్యంలో రాయండి. మొదటిసారి ఇంటిపేరుతో పూర్తిగా రాశాక తర్వాత ఎన్నిసార్లు సుబ్బారావు అన్నా నాకు అభ్యంతరం లేదు. స్క్రోలింగ్ వేసేటప్పుడు, ముఖ్యంగా చావు కబురు వేసేటప్పుడు, ఆ మనిషి చేసిన పని ఒక్క మాటలో ముందు పెట్టండి. ఫోటోల ఫోల్డర్లో ఫైలు దాచేటప్పుడే ఇంటిపేరుతో దాచండి. రేపు మీరు సెలవులో ఉంటే రాత్రి పదకొండింటికి ఆ ఫోటో వెతికేది మొన్న చేరిన కుర్రాడు. వాడి తప్పు ఏమీ లేదు. నాగిరెడ్డి అని కొడితే నాగిరెడ్డే వచ్చాడు మరి.

పేరు ఇంగ్లీషులో ఎలా రాసుకున్నారో అది కూడా ఒకసారి బ్రాకెట్లో కాకపోయినా వాక్యంలో చెప్పండి. యల్లాప్రగడ వారి గురించి పిల్లలు వెతికేది తెలుగులో కాదు. చివర డబ్ల్యూ అని ఎవరూ చెప్పకపోతే వాళ్ళకు రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ దొరుకుతారు.

సవరణ వేసేటప్పుడైనా, దయచేసి, రెండు ఇంటిపేర్లూ వేయండి.

ఈ ఉత్తరం మీరు అచ్చు వేస్తారో లేదో తెలియదు. వేస్తే మాత్రం ఒక చిన్న మనవి. నా ఫోటో పంపడం లేదు. ఫోల్డర్లో సుబ్బారావు అని కొట్టి వెతకొద్దు. కోకా వారి కోటుతో కనబడాలన్న కోరిక నాకు లేదు, మా ఆవిడ అస్సలు నమ్మదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఇంకో సుబ్బారావు
(రిటైర్డ్ లైబ్రేరియన్. ప్రముఖుణ్ణి కాను కాబట్టి ఇంటిపేరు అక్కర్లేదు. పోస్ట్‌మాన్‌కు తెలుసు.)